స కింద త వత్తు

సన్యాసమ్మ పొద్దున్న ఎనిమిదింటికి వచ్చి, హిందీ బళ్ళో ఉన్న ఒక్క తెలుగు గది తాళం తీస్తుంది. కిటికీ తలుపులు తోసిందంటే బాగ్‌బేరా రైలు యార్డులో షంటింగ్ చేసే ఇంజను కూత లోపలికొస్తుంది, దాని వెనకే ఇంత నుసి. ముందు బల్లలు తుడుస్తుంది. తర్వాత కొంగు బొడ్లో దోపుకుని, నిన్న పిల్లల పుస్తకాల్లోంచి రాలిపడ్డ అక్షరాలు ఊడుస్తుంది. కొమ్ములూ దీర్ఘాలూ పరవాలేదు, తేలిక, చీపురు తగలకముందే గాలికి గుమ్మం దాకా పోతాయి. వత్తులతోనే ఆవిడకి చావు. అవి గచ్చు పగుళ్ళలో దూరతాయి, చెప్పుల్లేని కాళ్ళకి గుచ్చుకుంటాయి. వాటిని వంగి చేత్తో ఏరి, ఊడ్చినవాటితో కలిపి డాల్డా డబ్బాలో వెయ్యాలి. ముప్పయ్యేళ్ళ నించి ఏరుతోంది. ఒక్క అక్షరం పేరయినా ఆవిడకి తెలీదు, 'త' తప్ప. అది మరీ ఎక్కువ రాలుతుంది కాబట్టి టీచర్ని అడిగి తెలుసుకుంది.

ఆ గదిలో తప్పు రాస్తే రాలిపోతుంది. ఎందుకు రాలుతుందని నన్నడిగితే నేనేం చెప్తాను? కద్మాలో ఇంజనీర్ల పిల్లలు చదివే బళ్ళలో రాలదు, ఎందుకంటే వాళ్ళు తెలుగే రాయరు. ఇక్కడ రాస్తారు, రాలుతుంది, సన్యాసమ్మ ఊడుస్తుంది. పూర్వం ఇన్‌స్పెక్టరుగారొచ్చినప్పుడు ఒక్కో పుస్తకాన్నీ తిరగేసి బల్లకేసి రెండు దెబ్బలు కొట్టి, ఎన్ని రాలాయో రిజిస్టర్లో రాసుకుని, టీ తాగి వెళ్ళిపోయేవాడు. రాలినవి మళ్ళీ అంటవు. జిగురు పెట్టిన పిల్లలున్నారు, అన్నం మెతుకు పెట్టి అదిమిన పిల్లలున్నారు. ఒక్కటీ నిలబడలేదు.

తప్పుల్లో కూడా రకాలున్నాయండోయ్. వీధిలో హిందీ, యార్డులో హిందీ, కొట్టు దగ్గర హిందీ. పిల్లలు తెలుగు అక్షరాలకి కూడా హిందీ వాటికి లాగే పైన గీత గీసేస్తారు. ఆ గీతలు చీపురుపుల్లల్లా ముందుగా రాలతాయి. తర్వాత 'ళ' రావలసిన చోట రాసిన 'ల'. ఇవన్నీ వర్ణక్రమం తప్పులు, వీటికి అక్షరం ఒక్కటే ఊడుతుంది. వ్యాకరణం తప్పయితే మాటకి మాటే ఊడి కిందపడి ముక్కలవుతుంది. 'బస్సు వచ్చాడు' అని రాస్తే 'వచ్చాడు' గల్లంతు. ఇంక నిన్నా రేపూ సంగతి చెప్పక్కర్లేదు. హిందీలో నిన్ననీ 'కల్' అంటారు, రేపునీ 'కల్' అంటారు. రోజంతా ఆ భాషలో ఆడుకున్న పిల్ల 'నిన్న మా మామయ్య వెళ్తాడు' అని నిక్షేపంగా రాసేస్తుంది. 'వెళ్తాడు' టప్పున పడుతుంది. ఏదైనా పడగానే అది ఏ తప్పో పిల్లలంతా గట్టిగా అరవాలి. ఉమామహేశ్వరి టీచరు పెట్టిన పద్ధతి అది.

"దీర్ఘం!"

"వత్తు!"

"కాలం తప్పు, టీచర్!"

అరిచాక, రాలినచోట సరైనది రాయాలి. టీచరు ఎర్రపెన్నుతో టిక్కు కొడుతుంది. ఇదీ వరస.

అన్నిటికన్నా పాత తప్పు ఒకటుంది. ఈ పిల్లల తాతలంతా శ్రీకాకుళం, విజయనగరం పక్కల్నించి ఈ హిందీ ఊరికి పనికొచ్చినవాళ్ళు. ఇళ్ళలో ఆ మాటే. 'వత్తాడు', 'రాత్తాను', 'తెత్తాది'. నోటితో అంటే ఎంత బావుంటుందో. రాస్తే మాత్రం పైన 'తా' ఊడిపోయి, కింద వత్తు ఒక్కటీ దిక్కులేకుండా వేలాడుతుంది. ఉమామహేశ్వరి టీచరు ఇరవయ్యారేళ్ళుగా ఒకటే చెప్తోంది.

"వత్తాడు అని రాస్తే మనిషి రాడర్రా! స కింద త వత్తు పెట్టండి. అప్పుడే వస్తాడు."

పిల్లలు నవ్వుతారు. ఇరవయ్యారేళ్ళూ నవ్వారు. హేమ మాత్రం నవ్వలేదు.

హేమకి పదేళ్ళు, అయిదో తరగతి. తండ్రి ఆదిబాబు వెల్డరు. కాంట్రాక్టరు మనిషి ఒకడొచ్చి, గుజరాత్ వైపు ఏదో ఫ్యాక్టరీలో షట్‌డౌన్ మరమ్మతు పనుంది, నలభై రోజులు, అని చెప్పి తీసుకెళ్ళాడు. అది నిరుడు జూన్‌లో. రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. ఆగస్టులో ఒక మంగళవారం చెయ్యలేదు. బుధవారం నించి స్విచ్చాఫ్. కాంట్రాక్టరు మనిషినడిగితే "సైటు వదిలేసి చెప్పకుండా పోయాడు" అన్నాడు. నవంబర్‌లో ఆదిబాబు సంచీ ఎవరి చేతో పంపించారు. బట్టలు ఉతికి మడతపెట్టి ఉన్నాయి. ఆదిబాబు పుట్టిన దగ్గర్నించీ ఏనాడూ బట్ట మడతపెట్టలేదు.

ఆ సంచీ చూశాక భార్య దేవి రెండురోజులు ఏడ్చి, మూడోరోజు కద్మాలో నాలుగిళ్ళలో పనికి కుదిరింది. ఆదిబాబు తల్లి నూకాలమ్మ ఏడవలేదు.

"అత్తా, సంచీ వచ్చినాది, మనిషి రాలేదు. ఇంకేటి సూత్తావు?" అంది దేవి.

"సంచీ వచ్చినాది గదేటే. ముందు సామాను రాదేటి? ఎనకాల మనిషి వత్తాడు."

ఎవరడిగినా అదే మాట. పాలవాడడిగినా వత్తాడు, పక్కింటి గౌరీదేవి అడిగినా వత్తాడు. అన్నం వండేటప్పుడు ఒక గుప్పెడు బియ్యం ఎక్కువ పోసేది. దేవి కసిరేది. మర్నాడు మళ్ళీ పోసేది.

హేమ రెండు నోటుపుస్తకాలు నింపేసింది. ఒకటే మాట, పేజీకి ఇరవై వరసలు. వస్తాడు, వస్తాడు, వస్తాడు. అదీ ఇంట్లో కాదు, బళ్ళో, మధ్యాహ్నం అన్నాల గంటలో, తప్పుంటే రాలే గదిలో. స కింద త వత్తు జాగ్రత్తగా, తోక కూడా వదలకుండా పెట్టింది. ఒక్కటీ రాలలేదు. మరి ఊరికే మాట ఒక్కటీ రాస్తే ఎందుకు రాలుతుంది? ఎవరొస్తారని రాయలేదు కదా. టీచరు ఆ పుస్తకాలు చూసింది. మూసి ఇచ్చేసింది. ఆ తర్వాత ఆ గదిలో ఆవిడ ఆ వేళాకోళం మళ్ళీ ఆడలేదు.

ఫిబ్రవరిలో కాగితం వచ్చింది. మార్చి ఆఖరికి తెలుగు గది మూసేస్తారు. పదకొండుమంది పిల్లలకి ఒక టీచరూ ఒక గదీ దండగ అన్నారు. చిన్నవాళ్ళంతా అదే ఆవరణలో ఉన్న హిందీ తరగతుల్లోకి పోవాలి. అయిదు చదివిన హేమకి ఆ ఆవరణలో తరగతే లేదు.

ఉమామహేశ్వరి టీచరు ఊరుకోలేదు. తిరిగింది, అడిగింది, ఒక ఫారం పట్టుకొచ్చింది. చక్రధర్‌పూర్ దాటాక ఆడపిల్లలకి హాస్టలు బడి ఉంది. తిండీ బట్టా వాళ్ళదే, పన్నెండు దాకా చదివిస్తారు. ఒక్క సీటుంది, తండ్రి లేని పిల్లకి. ఫారంలో తండ్రి పేరు పక్కన 'ఉన్నారు', 'లేరు' అని రెండు గళ్ళు. వార్డు మెంబరు సంతకం పెడతానన్నాడు, కానీ తండ్రి తరఫువాళ్ళు, అంటే నూకాలమ్మ, వేలిముద్ర వెయ్యాలన్నాడు. గడువు మార్చి పదిహేను.

ఆ రాత్రి ఆ ఇంట్లో కంచాలు కడగలేదు.

"ఏలిముద్ర నానెయ్యను. బతికున్నోడికి లేడని ఎలగేత్తానే?"

"బతికుంటే ఫోన్ చెయ్యడా అత్తా?"

"ఫోను పోయుంటాది."

"ఏడు నెల్లా? నాకు మాత్రం రావాలని లేదేటి? నాకేటీ కాడా ఆడు? కానీ ఇది ఏటవ్వాలో సెప్పు. ఈ సీటు పోతే వచ్చే నెల్నించి దీన్ని నాతోటే కద్మా తీసుకెళ్ళాలి. ఇప్పుడే అడుగుతున్నారు, పిల్లని తెత్తావా గిన్నెలకి అని. నా సేతులు సూడు. దీని సేతులు ఇలగైపోవాలా?"

నూకాలమ్మ హేమ కేసి చూసింది. "ఓలె గుంటా, నువ్వేటంతావు? మీ నాన్న వత్తాడా, రాడా?"

"పతా నహీ, మామ్మా," అంది హేమ, తెలీదని. ఆ పిల్లకి ఏడుపొచ్చినప్పుడు హిందీ వస్తుంది.

మార్చి పదమూడు, శుక్రవారం. నూకాలమ్మ కర్ర పట్టుకుని బడికొచ్చింది. దేవి వెనకే వచ్చింది, ఒక ఇంటి పని మానేసుకుని. డిక్టేషన్ నడుస్తోంది. టీచరు లేచి కుర్చీ జరిపితే నూకాలమ్మ కూర్చోలేదు.

"టీచరమ్మా, ఈ గదిలో తప్పు రాత్తే రాలిపోద్ది గదా?"

"రాలుతుందమ్మా."

"మా గుంట సేత రాయించండి. మా నాన్న వత్తాడు అని. రాలకపోతే నాను ఏలిముద్ర ఎయ్యను, మరి నన్నడక్కండి. రాలితే ఏత్తాను."

టీచరు డిక్టేషన్ పుస్తకం మూసేసింది. "అమ్మా, అది పిల్లలు రాసే తప్పులకి రాలుతుంది. మనుషుల సంగతి దానికేం తెలుసు?"

"తెలకపోతే రాలదు గదమ్మా. రాయించండి."

హేమ అప్పటికే లేచి నిలబడింది. ఆ పిల్లకి భయం లేదు, అదే ఘోరం. ఏడు నెలలుగా దీనికోసమే సాధన చేసింది మరి. కొత్త పేజీ తీసింది. 'మా నాన్న' అని రాసింది. రెండూ కుదురుగా ఉన్నాయి. 'వ' రాసింది. 'స' రాసి, దీర్ఘం ఇచ్చి, కింద త వత్తు పెట్టింది. 'డు' రాసి చుక్క పెట్టింది. పుస్తకం ఎత్తి అందరికీ కనపడేలా పట్టుకుంది. అచ్చులో వేసినట్టుంది ఆ మాట.

నిలబడింది. నూకాలమ్మ ఊపిరి వదిలింది. "సూసినావా దేవీ" అనబోయింది.

మాట మొత్తం ఊడి గచ్చు మీద పడింది. నాలుగు ముక్కలయింది.

అన్ని రోజులూ గోల చేసే పిల్లలు ఒక్కరూ అరవలేదు. హేమ పుస్తకం కేసి చూసింది, కింద చూసింది. గబగబా బోర్డు దగ్గరికెళ్ళి సుద్దముక్కతో మళ్ళీ రాసింది. ఈసారి పడ్డానికి అంతసేపు కూడా పట్టలేదు. సుద్దపొడి అయిపోయింది.

"స కింద త వత్తు పెట్టాను కదా టీచర్?"

"పెట్టావమ్మా. అన్నీ సరిగ్గానే పెట్టావు."

"మరి తప్పేంటి?"

మూడో తరగతి జానకి, ఏడేళ్ళది, దానికేం తెలుసు పాపం, పడింది కాబట్టి అరవాలి కాబట్టి, సన్నగా అంది: "కాలం తప్పు, టీచర్."

దేవి గోడకి జారగిలబడి అక్కడే కూర్చుండిపోయింది.

హేమ మంచి విద్యార్థి. అదే దాని ఖర్మ. రాలినచోట సరైనది రాయాలని టీచరు నేర్పింది. వెళ్ళి తన చోట కూర్చుని, ఖాళీ పడ్డ చోట మెల్లగా రెండక్షరాలు రాసింది. 'రాడు'. పుస్తకాన్ని టీచరు ముందు పెట్టింది. టీచరు పుస్తకం అటూ ఇటూ వంచింది. తిరగేసి బల్లకేసి కొట్టింది. రెండుసార్లు కొట్టింది, మూడోసారి గట్టిగా కొట్టింది. రాలలేదు. ఇరవయ్యారేళ్ళ అలవాటున చెయ్యి ఎర్రపెన్ను దగ్గరికి పోయింది. పెన్ను అక్కడే పడేసి ఆవిడ వెక్కివెక్కి ఏడ్చింది, పిల్లల ముందరే.

నూకాలమ్మ ఏడవలేదు. కర్ర పక్కన పెట్టి, కష్టపడి కింద కూర్చుని, పడ్డ ముక్కలు నాలుగూ ఏరుకుంది. అరచేతిలో పెట్టుకుని టీచరుకి చూపించింది.

"ఇందల స ఏదమ్మా?"

"ఇదిగో, ఇది. దీర్ఘంతో ఉంది చూశారా. ఈ చిన్నది దానికింద ఉండే త వత్తు. ఇది మొదటిది, వ. ఇది ఆఖరిది."

"ఇంత ముద్దుగా ఉన్నాదే, ఇది లేకనా ఇన్నాల్లూ మేం తప్పు పలికినాం" అంది నూకాలమ్మ. కొంగు చివర నాలుగు ముక్కలూ ముడేసుకుంది. తర్వాత సిరా డబ్బా తెమ్మంది. 'లేరు' అన్న గడి పక్కన బొటనవేలు నొక్కింది. అంత గట్టిగా నొక్కడం వల్ల సిరా చాలావరకూ అలికినట్టయింది గానీ, వార్డు మెంబరు పనికొస్తుందన్నాడు.

ఆ రోజు నించి బియ్యం గుప్పెడు ఎక్కువ పొయ్యడం మానేసింది. దేవి గమనించింది. గమనించి, ఆ పూట తనే ఒక గుప్పెడు ఎక్కువ పోసి, ఎందుకు పోసిందో తెలీక ఆ అన్నం మర్నాడు నీళ్ళోసి తనే తింది.

సీటొచ్చింది. మార్చి ముప్పయ్యొకటిన హాస్టలు వ్యాను బడి దగ్గరికే వస్తుందన్నారు. అది తెలుగు గదికి కూడా ఆఖరి రోజు. మిగతా పిల్లలు ముందురోజే తమ సంచులు పుచ్చుకుని హిందీ గదుల్లోకి వెళ్ళిపోయారు. బల్లలు రెండు తప్ప అన్నీ మోసేశారు. బోర్డు ఊడదీసి గోడకి ఆనించారు. సన్యాసమ్మ ఒక్కతీ ఆఖరిసారి ఊడుస్తోంది.

హేమ కొత్త జడలు వేసుకుని, తండ్రి సంచీ తగిలించుకుని వచ్చింది. ఆ సంచీ తప్ప ఇంట్లో ఇంకోటి లేదు. కూడా దేవి వెళ్తోంది దింపడానికి. కాగితాలన్నీ టీచరు దగ్గరే ఉన్నాయి కాబట్టి అక్కడ అప్పజెప్పడానికి ఆవిడా వెళ్తోంది. వాళ్ళిద్దరూ డ్రైవరుతో మాట్లాడుతుంటే హేమ గుమ్మంలో నిలబడ్డ నూకాలమ్మ దగ్గరికొచ్చింది.

"వత్తాన్లే మామ్మా. సెలవలిస్తారంట. పక్కా వత్తాను."

నూకాలమ్మ దాని మొహం రెండు చేతుల్తో పట్టుకుంది. ఏమందో తెలుసా?

"రాసి సూపియ్యి."

హేమకి అర్థమైంది. గదిలోకి పరిగెత్తి, మిగిలిన రెండు బల్లల్లో ఒకదాని మీద నోటుపుస్తకం పెట్టి కాగితం చింపింది. బయట వ్యాను హారన్ కొట్టింది. "హేమా, జల్దీ!" అని దేవి కేకేసింది. పెన్ను చేత్తో పట్టుకుని పిల్ల ఒక్క క్షణం ఆగింది. స కింద త వత్తు రెండు పుస్తకాల నిండా రాసింది, ఏం లాభమొచ్చింది? ఆ మాట ఎవర్ని తీసుకొచ్చింది? ఇది మామ్మకి రాసే కాగితం. మామ్మ ఎలా అంటుందో అలాగే రాయాలనిపించింది దానికి. 'మామ్మా, వత్తాను' అని రాసి, మడతపెట్టి, నూకాలమ్మ చేతిలో కుక్కి, బుగ్గ మీద ఒక ముద్దు పెట్టి పరిగెత్తింది. వ్యాను కదిలింది. చెయ్యి ఊపుతూనే ఉంది మలుపు దాకా.

నూకాలమ్మ కాగితం విప్పింది. ఆవిడ ఇంకా గుమ్మం లోపలే ఉంది.

అక్షరం ఒకటి ఊడి ఆవిడ పాదం మీద పడింది.

"సన్యాసమ్మా!" అని అరిచింది. ఆ కేకకి సన్యాసమ్మ చీపురు వదిలేసి వచ్చింది.

"రాలిపోనాదే! దీనిది కూడా రాలిపోనాది!"

సన్యాసమ్మ వంగి తీసి చూసింది. "ఓసోస్, ఇదా! ఇది త వొదినా. నాకెరికే, ఇది రోజూ రాల్తాది. మన మాట రాసుంటాది గుంట. రాత తప్పు, అంతే. కాలం తప్పయితే మొత్తం పడిపోను గదా? ఇది ఒక్కటే పడ్డాది, మిగతాయి ఉన్నాయి సూడు."

"టీచరమ్మ ఏటన్నాదే? వత్తాడు అని రాత్తే మనిషి రాడనలేదూ? మా ఆదిబాబు సదివినప్పుడూ అదే అన్నాది, దీనికీ అదే సెప్పినాది. స లేకపోతే రాడు."

"పిల్లలకి నేర్పడానికి అంతారు వొదినా అలగ."

"ఆడు రాలేదు గదా మరి."

తెలుగు చదవడం వచ్చిన ఇద్దరూ, టీచరూ హేమా, వ్యానులో వెళ్ళిపోయారు. అవతలి గదుల్లో అందరూ ఉన్నారు, తెలుగు చదవగలిగిన పెద్దవాళ్ళు లేరు. కాగితం మీద 'వ'కీ 'ను'కీ మధ్య ఖాళీలో వత్తు ఒక్కటీ వేలాడుతోంది.

"ఉండొదినా, డబ్బా సూద్దాం" అంది సన్యాసమ్మ. "ముప్పయ్యేళ్ళవి ఉన్నాయి. ఒక్క స దొరకదా? రాలింది అంటదు గానీ, నీ తృప్తి కోసం."

డాల్డా డబ్బా తెచ్చి గచ్చు మీద బోర్లించింది. ఆడవాళ్ళిద్దరూ కూర్చుని వెతికారు. నూకాలమ్మకి ఇప్పుడు స ఎలా ఉంటుందో తెలుసు. దీర్ఘాలు తోసేశారు, కొమ్ములు తోసేశారు, వత్తులు పక్కకి పెట్టారు. త మీద త, త మీద త, కుప్పలు. 'ల'లు దోసెళ్ళతో. స ఒక్కటీ లేదు. ఎలా ఉంటుంది? ఆ పిల్లలెవరూ స ఎక్కువ రాసి తప్పు చెయ్యలేదు. ముప్పయ్యేళ్ళూ అందరూ దాన్ని రాయకుండానే తప్పు చేశారు.

నూకాలమ్మ వెతకడం ఆపింది. డబ్బా పక్కకి తోసింది. తర్వాత తన కొంగు చివర ముడి చేతిలోకి తీసుకుంది. పద్దెనిమిది రోజులుగా ఆ ముడి విప్పలేదు, స్నానానికి కూడా చీర మార్చి ముడి పట్టుకెళ్ళి కొత్త కొంగుకి కట్టుకునేది.

"ఒద్దొదినా, ఒగ్గీ. అది ఆదిబాబుది" అంది సన్యాసమ్మ, చూసి, గ్రహించి.

నూకాలమ్మ పళ్ళతో ముడి విప్పింది. నాలుగు ముక్కలు ఒళ్ళో పోసుకుంది. స తీసింది. దీర్ఘంతో ఉన్న స, కొడుకు మాట మధ్యలోది. కాసేపు దాన్ని వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పింది, చిన్నప్పుడు ఆదిబాబు చెవి పట్టుకుని తిప్పినంత మెల్లగా. "నాయినా, కోపం తెచ్చుకోకు. నీ కూతురికే ఇత్తన్నాను" అని పైకే అంది. కాగితం గచ్చు మీద పరిచి, ఖాళీలో, వత్తు పైన, స పెట్టింది. బొటనవేలితో నొక్కింది. ఆ వేలి గోటి అంచున నీలం సిరా ఇంకా పూర్తిగా పోలేదు.

యార్డులో ఇంజను రెండుసార్లు కూసింది. సన్యాసమ్మ కళ్ళు మూసుకుంది, పడితే చూడలేక. నూకాలమ్మ వేలు తీసింది.

కాగితం ఎత్తింది. తిరగేసింది. టీచరు చేసినట్టే గచ్చుకేసి ఒకసారి కొట్టింది, భయంభయంగా రెండోసారి కొట్టింది. స కొంచెం వంకరగా కూర్చుంది, కానీ ఉంది. అంటుకునే ఉంది. 'మామ్మా, వస్తాను' అని ఉంది ఆ కాగితంలో, చదవగలిగినవాళ్ళు ఎవరూ లేరు గానీ. నూకాలమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది.

ఒళ్ళో ఇంకా మూడు ముక్కలున్నాయి. ఒక వ, ఒక వత్తు, ఒక డు. వాటితో ఇంక ఏ మాటా కాదు.

"పదొదినా, తాళం ఏసెయ్యాలి. తాళంచెవి అడుగుతున్నారు" అంది సన్యాసమ్మ.

నూకాలమ్మ కర్ర పట్టుకుని లేచింది. చీర దులిపింది. మూడు ముక్కలూ గచ్చు మీద పడ్డాయి.

"ఇయ్యి కూడా ఊడ్సియ్యే" అంది.

సన్యాసమ్మ ఊడ్చింది.